లింకు ఎవరికి చేరింది?



విశ్వవిద్యాలయాల్లో పరిశోధక విద్యార్థుల థీసిస్‌లు చదివేవాళ్ళకి ఒక అంకె బాగా పరిచయం. 384. విషయం ఏదైనా కావచ్చు. ఆన్‌లైన్‌లో చీరలు కొనే మహిళల అభిరుచులు, టీచర్ల మీద పని ఒత్తిడి, కిరాణా కొట్లలో యూపీఐ వాడకం, బ్యాంకు ఉద్యోగుల సంతృప్తి. మూడో అధ్యాయం తెరవగానే 'శాంపిల్ సైజు 384' అని కనబడుతుంది. ఎందుకమ్మా 384 అని వైవాలో అడిగితే, తడుముకోకుండా క్రెజ్‌సీ, మోర్గన్ అని రెండు పేర్లు చెబుతారు. 1970లో ఆ ఇద్దరూ ప్రచురించిన పట్టికలో ఉంది ఆ అంకె. జనాభా పది లక్షలున్నా 384 మందిని అడిగితే చాలు. కోటి ఉన్నా దాదాపు అంతే. లెక్కలో తప్పేమీ లేదు. 95 శాతం నమ్మకంతో, 5 శాతం అటూ ఇటూ తేడాతో జనంలో ఎంతమంది ఒక మాటకు ఔనంటారో అంచనా కట్టాలంటే అంతమంది సరిపోతారు.

సరే, ఆ 384 మందినీ ఎలా ఎంచుకున్నావు అని అడుగుతాం. అప్పుడు వచ్చే జవాబు కూడా ఈ మధ్య ఒక్కటే అయిపోయింది. "గూగుల్ ఫారం చేసి లింకు వాట్సాప్‌లో పెట్టాం సార్. 384 రాగానే ఆపేశాం."

ఆ పట్టిక నిలబడిందే ఒక షరతు మీద. జనాభాలో ప్రతి ఒక్కరి పేరూ చీటీ రాసి, కళ్ళు మూసుకుని తీసినట్టు తీయాలి. ఎవరికైనా ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండాలి. ఆ షరతు నెరవేరినప్పుడే 384కి ఆ 95 శాతం నమ్మకమూ, ఆ 5 శాతం హద్దూ వర్తిస్తాయి. మనవాళ్ళు షరతును అక్కడే వదిలేసి అంకెను మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు. అలా పోగైన 384 మందికి ఆ హద్దు వర్తించదు. 3,840 మందిని పోగేసినా వర్తించదు.

ఇలా అంటున్నానని ఆన్‌లైన్ ఫారాల మీద నాకేదో కోపం ఉందనుకోకండి. ప్రశ్నావళి జిరాక్సులు తీయించుకుని, సంచిలో పెట్టుకుని, బస్సెక్కి ఊరూరా తిరిగి, నింపినవాటిని రాత్రిళ్ళు కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించుకున్న తరం మాది. ఎక్కించేటప్పుడు 3 కొట్టాల్సిన చోట 33 కొట్టడం మామూలు. 1999లో సర్వేమంకీ అనే ఆన్‌లైన్ సర్వే వెబ్‌సైటు వచ్చింది. 2008లో గూగుల్ తన స్ప్రెడ్‌షీటుకు ఫారాన్ని జత చేసింది. ఇవాళ పైసా ఖర్చు లేకుండా, ఇంటర్మీడియట్ చదివే పిల్ల కూడా పావుగంటలో సర్వే తయారు చేయగలదు. జవాబులు వచ్చినవి వచ్చినట్టు షీటులో పడతాయి. రంగురంగుల వృత్తచిత్రాలు కూడా అదే గీసిపెడుతుంది. విద్యార్థి గైడు దగ్గరికి వెళ్ళేసరికి బొమ్మలన్నీ సిద్ధం. చిక్కు అక్కడే మొదలవుతుంది. బొమ్మ అంత ముచ్చటగా ఉన్నప్పుడు, ఈ జవాబులు ఎవరివి అని అడగడానికి ఎవరికీ మనసు రాదు.

సమాచారం ఏ దారిన మన చేతికి వచ్చిందన్న ప్రశ్నను మన సి.ఆర్. రావుగారి కంటే చక్కగా వివరించినవారు లేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తా వెళ్ళి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. ఆయన అబ్బాయిలను ఒక చిన్న ప్రశ్న అడిగేవారు. నీతో కలుపుకుని మీ ఇంట్లో అన్నదమ్ములు ఎంతమంది, అక్కచెల్లెళ్ళు ఎంతమంది? వాల్తేరు, తిరుపతి, హైదరాబాదు, ఇంకా దేశవిదేశాల్లో అనేక చోట్ల కాలేజీ విద్యార్థుల నుంచి ఈ లెక్కలు సేకరించారు. కూడి చూస్తే అన్నదమ్ములే బాగా ఎక్కువగా తేలతారు. అయితే ఆడపిల్లలు అంత తక్కువగా పుడుతున్నారా? ఆ లెక్క నుంచి అలా తేల్చడానికి వీల్లేదు. అడిగింది అబ్బాయిలను. ముగ్గురూ ఆడపిల్లలే ఉన్న ఇంటి నుంచి ఆ ప్రశ్నకు జవాబిచ్చేవాళ్ళు ఒక్కరూ ఉండరు. నలుగురు మగపిల్లలున్న ఇంటి నుంచి ఎవరో ఒకరు తగిలే అవకాశం, ఒక్క మగపిల్లాడున్న ఇంటి కంటే నాలుగింతలు. జవాబు చెప్పిన అబ్బాయిలను లెక్కలోంచి తీసేయండి. మిగిలిన అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ దాదాపు సరిసమానంగా వచ్చేస్తారు.

అబద్ధం చెప్పినవాడు ఒక్కడూ లేడు. ప్రశ్నలో వంకర లేదు. కూడికలో తప్పు లేదు. అయినా అంకె దారి తప్పింది. మనం మనుషులను చేరిన తీరే దాన్ని అలా మార్చింది. 1965లో సాంఖ్య పత్రికలో రాసిన వ్యాసంలో రావుగారు దీనికి గణితం కూర్చారు. ఎవరికి ఎంత అవకాశంతో చేరామో తెలిస్తే, ఆ మేరకు అంకెను వెనక్కి దిద్దుకోవచ్చు. అవకాశమెంతో తెలియకపోతే దిద్దుకునే మార్గం లేదు.

వాట్సాప్ లింకు దగ్గర తెలియనిది సరిగ్గా అదే. మీరు ఐదు గ్రూపుల్లో పెట్టారు. ఒక గ్రూపులో మీ పిన్నిగారు చూసి వాళ్ళ అపార్ట్‌మెంటు గ్రూపులోకి పంపారు. అక్కడి నుంచి ఎవరో తమ ఆఫీసు గ్రూపుకు పంపారు. ఒకరు స్టేటస్‌లో పెట్టుకున్నారు. మొత్తం ఎంతమంది కంటపడింది? చూసి కూడా తోసేసినవాళ్ళు ఎందరు? ఎవరికీ తెలియదు. వంద మందిని అడిగితే ఇంతమంది జవాబిచ్చారు అని చెప్పుకోవడానికి ఆ 'వంద' మన దగ్గర లేదు. అయినా కొన్ని థీసిస్‌లలో రెస్పాన్స్ రేటు 100 శాతం అని రాసి ఉంటుంది. 384 కావాలనుకున్నాం, 384 వచ్చాయి, కాబట్టి నూటికి నూరు! నవ్వొస్తుంది గానీ, అది పరీక్షకుల కళ్ళు దాటి ముద్రణ దాకా పోతోంది.

పెద్ద సంఖ్య ఉంటే ఈ లోపం కొట్టుకుపోతుందని చాలామంది నమ్మకం. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి పోస్టులో ఓటు పత్రాలు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు తెప్పించుకుని, రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని ప్రకటించింది. ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఇది గణాంక శాస్త్రం చదివిన ప్రతివారికీ తెలిసిన కథే. ఎప్పటిదో పాత ముచ్చట, ఇప్పుడు కంప్యూటర్లున్నాయి కదా అంటారేమో. అందుకే కొత్తది ఒకటి చెబుతాను.

కోవిడ్ సమయంలో అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఫేస్‌బుక్‌తో కలిసి ఒక ఆన్‌లైన్ సర్వే నడిపారు. ఫేస్‌బుక్ వాడేవాళ్ళలో కొందరికి తెర మీద ఆహ్వానం కనబడేది. నొక్కితే ఫారం తెరుచుకునేది. వారానికి సుమారు 2,50,000 జవాబులు వచ్చేవి. అదే సమయంలో అమెరికా జనగణన శాఖ రెండు వారాలకొకసారి 75,000 మంది దాకా జవాబులిచ్చే ఆన్‌లైన్ సర్వే ఒకటి నడిపింది. ఇంకో పక్క యాక్సియస్ అనే వార్తా సంస్థ, ఇప్సోస్ అనే సర్వే సంస్థ కలిసి విడతకు వెయ్యి మందితో ఇంకో సర్వే చేశాయి. మూడింటిలోనూ ఒక ప్రశ్న ఉంది. టీకా ఒక్క డోసైనా వేయించుకున్నారా? ఈ ప్రశ్నతో ఉన్న వీలు ఏమిటంటే, అసలు జవాబు ప్రభుత్వం దగ్గర ఉంది. వేసిన ప్రతి డోసుకూ లెక్క ఉంది కదా. పరిశోధకులు తర్వాత పోల్చి చూశారు. 2021 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చింది ఆ పోలిక. ఆ ఏడాది మే నెల నాటికి ఫేస్‌బుక్ సర్వే అసలు కంటే 17 శాతం పాయింట్లు ఎక్కువ చూపించింది. జనగణన శాఖ సర్వే 14 పాయింట్లు ఎక్కువ చూపించింది. వెయ్యి మంది సర్వే మాత్రం నిజానికి దగ్గరగా నిలిచింది.

ఇది చదివినప్పుడు నన్ను ఆపేసిన వాక్యం ఇంకొకటుంది. ఈ టీకా ప్రశ్న వరకు, ఆ రెండున్నర లక్షల జవాబుల విలువ ఎంత? సరిగ్గా చీటీలు తీసి అడిగిన పది మంది జవాబులంత! పది వేలు కాదు, పది మంది. వాపును చూసి బలుపనుకోవడం అంటే ఇదే. పైగా శాంపిల్ పెద్దదైన కొద్దీ అటూ ఇటూ తేడా అతి చిన్నదిగా కనబడుతుంది కాబట్టి, తప్పు అంకెను ఇంకా గట్టి ధైర్యంతో ప్రకటిస్తాం.

మరి ఆ వెయ్యి మంది సర్వే కూడా ఆన్‌లైన్‌దే కదా, అది ఎలా నెగ్గింది? వాళ్ళు ఇంటి చిరునామాల జాబితా నుంచి చీటీ పద్ధతిలో ముందే మనుషులను ఎంచుకున్నారు. అలా ఎంపికైనవాళ్ళలో ఇంటర్నెట్ లేనివాళ్ళు ఉంటే, ఒక ట్యాబ్ కొనిచ్చి, నెట్ కనెక్షన్ పెట్టించి మరీ జవాబు తీసుకున్నారు. తక్కిన రెండు సర్వేలూ నెట్ ఉన్నవాళ్ళలోంచి జవాబిచ్చినవాళ్ళతో సరిపెట్టుకున్నాయి. ఫారం మూడు చోట్లా తెర మీదిదే. అడగాల్సిన మనిషి దాకా ఎవరు వెళ్ళారన్నదే తేడా.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన రెండు రాష్ట్రాల్లో 2019లో జరిగింది. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళను అడిగితే, ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళలో 21 శాతం, మగవాళ్ళలో 48.8 శాతం ఔనన్నారు. తెలంగాణలో ఆడవాళ్ళు 26.5 శాతం, మగవాళ్ళు 57.9 శాతం. ఆ తర్వాత కోవిడ్ వచ్చింది, పిల్లల ఆన్‌లైన్ పాఠాల కోసం ఇంటింటా ఫోన్లు వచ్చాయి. ఆ అంకెలు ఇప్పుడు అలాగే ఉండవు. కానీ ఫోన్ ఇంట్లోకి రావడం వేరు, అది ఎవరి చేతిలో ఉందన్నది వేరు. చాలా ఇళ్ళలో ఫోన్ ఒక్కటే. పగలు ఇంటాయన జేబులో, రాత్రి పిల్లల చేతిలో. డ్వాక్రా గ్రూపు వాట్సాప్‌లో ఆమె నంబరు ఉంటుంది, వచ్చిన మెసేజి చదివేది మాత్రం ఇంటర్ చదివే కొడుకు.

ఫారంలో 'ఒకరికి ఒకే జవాబు' అని ఒక మీట ఉంటుంది. ఒకరే పదిసార్లు నింపకుండా దాన్ని నొక్కి ఉంచమని మనమే విద్యార్థులకు చెబుతాం. అది నొక్కితే గూగుల్ ఖాతాతో లోపలికి రావాలి. ఇంట్లో ఉన్న ఖాతా ఒక్కటే, అది ఇంటాయనది. ఆయన నింపేశాక, అదే ఫోన్లో ఆమె లింకు నొక్కితే 'మీరు ఇప్పటికే జవాబిచ్చారు' అని వస్తుంది. మహిళల ఆర్థిక స్వేచ్ఛ మీద సర్వే అయినా సరే, అంతే. మోసాన్ని ఆపడానికి పెట్టిన మీట ఎవరిని గుమ్మం బయట నిలబెడుతుందో ఫారం తయారు చేసేటప్పుడే ఆలోచించాలి.

ఇక లోపలికి వచ్చినవాళ్ళ సంగతి. షీటు చేతికొచ్చినప్పుడు నేను ముందు జవాబులు చూడను. ఎడమ పక్క మొట్టమొదటి నిలువు వరుస చూస్తాను. ప్రతి జవాబూ ఏ రోజు, ఎన్ని గంటల, ఎన్ని నిమిషాల, ఎన్ని సెకన్లకు అందిందో అందులో ఉంటుంది. కథంతా అక్కడే బయటపడుతుంది. మొదటి రోజు రాత్రి తొమ్మిదికీ పదికీ మధ్య ఒక గుంపు వస్తుంది, వీళ్ళు స్నేహితులు. ఆ తర్వాత నాలుగు రోజులు ఏమీ రావు. అయిదో రోజు మధ్యాహ్నం రెండున్నరకు, పావుగంటలో యాభై అరవై వచ్చి పడతాయి. అందరి వయసూ 19, 20. ఒక లెక్చరర్ క్లాసులో "అందరూ ఫోన్లు తీయండి, ఇప్పుడే నింపండి" అన్నారన్నమాట. పాపం ఆ పిల్లలు మొదటి ప్రశ్న నుంచి ముప్పయ్యో ప్రశ్న దాకా ఒకే నిలువు గీతలో నొక్కుకుంటూ పోతారు. పెళ్ళైందా అన్నదానికి కాలేదు అనీ, మీ పిల్లల చదువు ఖర్చుతో సంతృప్తిగా ఉన్నారా అన్నదానికి చాలా సంతృప్తిగా ఉన్నాం అనీ ఉంటుంది. చివరి తేదీ ముందురోజు అర్ధరాత్రి దాటాక నిమిషానికొకటి చొప్పున ఇంకో వరుస వస్తుంది. అభిప్రాయాల గడిలో అందరూ ఒకే మాటకు ఒకే అక్షరదోషం రాసి ఉంటారు. అవి ఎవరు నింపారో నేను చెప్పనక్కరలేదు.

గిఫ్ట్ కూపన్లూ పాయింట్లూ ఆశ చూపే సర్వేల్లో ఇది ఇంకా ముదురుతుంది. అమెరికాలోని ప్యూ సంస్థ, ఎవరికి తోస్తే వాళ్ళు వచ్చి నింపే ఆన్‌లైన్ సర్వేలో ఒక ప్రశ్న వేసింది. అణుశక్తితో నడిచే జలాంతర్గామిని నడపడానికి మీకు లైసెన్సు ఉందా? 30 ఏళ్ళ లోపు వాళ్ళలో 12 శాతం మంది ఉందన్నారు. 2024లో ప్రకటించిన ఫలితం ఇది. చదవకుండా నొక్కుకుంటూ పోయేవాళ్ళు సాధారణంగా 'ఔను' వైపే మొగ్గుతారు. కాబట్టి యువతలో ఫలానా వింత నమ్మకం ఇంత శాతం ఉందని ఏదైనా ఆన్‌లైన్ సర్వే ప్రకటిస్తే, ఆ శాతంలో ఇలాంటి జలాంతర్గామి సారథులు ఎందరో కాస్త ఆగి చూసుకోవాలి.

అయితే ఆన్‌లైన్ ఫారం నిజంగా రాణించే చోటు ఒకటి ఉంది. మన చేతిలో పేర్ల జాబితా ఉన్నప్పుడు. ఒక మండలంలో పనిచేసే టీచర్లు, ఒక కాలేజీలో చేరిన విద్యార్థులు, ఒక సహకార బ్యాంకు ఉద్యోగులు. ఎవరెవరు ఉన్నారో తెలుసు, అందరికీ ఫోన్లున్నాయి, నంబర్లున్నాయి. జాబితాలోంచి చీటీలు తీసి, ఎంపికైనవాళ్ళకి మాత్రమే, విడివిడిగా లింకు పంపితే అది నికరమైన సర్వే. జాబితా ముందే ఉంటే లాభమేమిటో చూడండి. 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి సామాజిక, ఆర్థిక, కుల సర్వే జరిగింది గుర్తుందా? ముందు ఇళ్ళను గుర్తించి స్టిక్కర్లు అంటించారు. ఆ తర్వాతే ప్రశ్నల కాగితాలతో ఎన్యూమరేటర్లు తలుపు తట్టారు. అందువల్ల సుమారు 3 శాతం ఇళ్ళు మిగిలిపోయాయని చెప్పగలిగారు, ఆ మిగిలినవాళ్ళకి మరుసటి ఫిబ్రవరిలో ఇంకో అవకాశం ఇవ్వగలిగారు. స్టిక్కరు అంటించకుండా ప్రశ్నలు మొదలుపెట్టి ఉంటే ఎవరు మిగిలారో ఎవరికి తెలిసేది?

ఇంకో సుగుణం కూడా చెప్పాలి. ఎదురుగా మనిషి లేకపోవడం కొన్ని ప్రశ్నలకు మేలు. అమెరికాలో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థులను చదువుకునే రోజుల్లో వచ్చిన తక్కువ గ్రేడ్ల గురించి అడిగారు. కొందరిని ఫోన్లో మనిషే అడిగాడు, కొందరిని రికార్డు చేసిన గొంతు అడిగింది, కొందరు వెబ్ ఫారం నింపారు. 2008లో వచ్చిన ఆ అధ్యయనంలో జవాబులను యూనివర్సిటీ రికార్డులతో సరిచూశారు. వెబ్‌లో నింపినవాళ్ళే తమ తక్కువ గ్రేడ్ల సంగతి ఎక్కువ నిజాయితీగా ఒప్పుకున్నారు. తాగుడు, అప్పులు, ఇంట్లో కొట్టడం, పై అధికారి మీద అభిప్రాయం, ఇలాంటివి మన దగ్గర మనిషి ఎదురుగా కూర్చుని అడిగితే ఎవరు చెబుతారు? పక్కింటావిడ గుమ్మంలో నిలబడి వింటూ ఉంటుంది. అలాంటిచోట తెర మంచిదే. కానీ అదే ఫారంలో పైన ఈమెయిల్, ఫోన్ నంబరు అడిగి, ఎర్ర చుక్క పెట్టి, నింపందే ముందుకు పోనివ్వకపోతే ఆ మేలంతా పోయినట్టే. అన్ని ప్రశ్నలకూ ఎర్ర చుక్క పెట్టడం ఒక జబ్బు. చెప్పడం ఇష్టం లేనివాడిని నువ్వు బలవంతం చేస్తే వాడు ఏదో ఒకటి నొక్కుతాడు. ఖాళీ గడి కంటే ఆ తప్పుడు గడి ప్రమాదం.

ప్రశ్నల గురించి ఎక్కువ చెప్పను, మంచి పుస్తకాలు చాలా ఉన్నాయి. ఒక్క విషయం మాత్రం చెబుతాను. 1932లో లైకర్ట్ పెట్టిన అయిదు మెట్ల కొలత మీకు తెలుసు. బొత్తిగా ఒప్పుకోను దగ్గర్నుంచి పూర్తిగా ఒప్పుకుంటాను దాకా. దాన్ని మనవాళ్ళు ల్యాప్‌టాప్‌లో అందమైన పట్టికగా చేస్తారు. నింపేవాళ్ళు మాత్రం ఫోన్లో నింపుతారు. చిన్న ఫోన్లో ఆ పట్టిక పూర్తిగా పట్టదు. ఎడమ పక్క గడులు కనబడతాయి, కుడి పక్కవి తెర అవతలికి జారిపోతాయి. వేలితో పక్కకు తోస్తే గానీ కనబడవు. తోయాలని అందరికీ తెలియదు. వాళ్ళు కనబడినవాటిలోంచే ఒకటి ఎంచుకుంటారు. తర్వాత మనం ప్రజాభిప్రాయం ఎటు మొగ్గిందో నాలుగు పేజీల విశ్లేషణ రాస్తాం. లింకు బయటికి పంపే ముందు, ఇంట్లో ఉన్న అన్నిటికన్నా చవక ఫోన్లో, మీ అమ్మగారి చేతో తాతగారి చేతో ఒకసారి నింపించండి. పక్కన కూర్చోండి కానీ నోరు మెదపకండి. వాళ్ళ వేలు ఎక్కడ ఆగుతుందో చూడండి, చాలు.

అనుమతి సంగతి కూడా చెప్పుకోవాలి. 2023లో మన పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చేసింది. పరిశోధనకూ గణాంకాలకూ అందులో కొన్ని మినహాయింపులున్నాయి. అయినా ఆ చట్టం ఉద్దేశాన్ని పట్టించుకోవడం మర్యాద. ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పాలి, నింపేవాళ్ళు ఇష్టపూర్వకంగా ఒప్పుకోవాలి, ఆ సమాచారం రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లోనూ అందుబాటులో ఉండాలి. అంటే తెలుగులో కూడా. మన ఫారాల్లో పైన ఇంగ్లీషులో ఒక పేరా, కింద 'ఐ అగ్రీ' అని ఒక గడి, అంతే. 18 ఏళ్ళు నిండని వాళ్ళ విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది ఆ చట్టం. ఇంటర్ పిల్లల గ్రూపుల్లో లింకులు పెట్టేవాళ్ళు ఎవరైనా ఇది గుర్తుపెట్టుకుంటున్నారా? ఇక షీటును స్నేహితుడికి చూపించడానికి 'లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు' అని తెరిచి వదిలేయడం, అది మూడేళ్ళయినా అలాగే ఉండిపోవడం, ఇవి నేను చూస్తూనే ఉన్నాను.

పల్లెల్లో పరిశోధన చేసే పిల్లలు నన్ను అడుగుతుంటారు, మాకు ఆన్‌లైన్ పనికిరాదంటారా అని. మీకు కావలసింది ఫారమే, కాకపోతే లింకుగా పంపకుండా అది మీ చేతిలో ఉండాలి. కోబో టూల్‌బాక్స్, ఓడీకే లాంటి యాప్‌లు ఉచితం. ఫోన్లోకి ఎక్కించుకుంటే సిగ్నల్ లేని తండాలో కూడా పనిచేస్తాయి. నింపినవన్నీ ఫోన్లో దాచుకుని, మండల కేంద్రానికి వచ్చాక ఒక్కసారే పంపుతాయి. ప్రశ్న అడగడం ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ముగిసిందో రెండూ నమోదవుతాయి కాబట్టి, నలభై ప్రశ్నలు రెండు నిమిషాల్లో ఎలా అయ్యాయని మీ గైడు మిమ్మల్ని అడగగలరు. జిరాక్సు ఖర్చు ఉండదు, ఎక్కించే తప్పులుండవు. కాళ్ళ నొప్పులు మాత్రం తప్పవు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న తెలుగువాళ్ళ మీద పనిచేసేవాళ్ళకి అసలు జాబితా అన్నదే దొరకదు. అక్కడ ఒకరి ద్వారా ఇంకొకరిని పట్టుకుంటూ పోవడం తప్ప గతి లేదు. చేయండి, తప్పు లేదు. కానీ సంఘాల గ్రూపుల్లో తిరిగిన లింకుతో వచ్చినవాళ్ళు సంఘాలకు వెళ్ళేవాళ్ళే. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన కడప జిల్లా ఆవిడ ఆ గ్రూపులో లేదు. థీసిస్ పేరు 'ప్రవాసాంధ్రుల అభిప్రాయాలు' అని కాకుండా, ఎవరిని అడిగారో వాళ్ళ పేరే పెట్టుకోండి.

చివరగా, జాబితా ఉండి, చీటీలు తీసి, లింకు పంపినా సగం మంది జవాబివ్వరు. దీనికి పాత విరుగుడు ఒకటి ఉంది, కంప్యూటర్ల కంటే పాతది. 1946లో అమెరికా జనగణన శాఖలో పనిచేసే హాన్సెన్, హర్విట్జ్ దాన్ని పద్ధతిగా రాసిపెట్టారు. వాళ్ళ రోజుల్లో పోస్టు, మన రోజుల్లో లింకు. జవాబివ్వనివాళ్ళందరి వెంటా పడక్కర్లేదు. వాళ్ళలోంచి కొందరిని మళ్ళీ చీటీ తీసి, ఆ కొందరిని మాత్రం మనిషి స్వయంగా వెళ్ళి అడగాలి.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. 400 మంది టీచర్లకు లింకు పంపారు. ప్రశ్న ఏమిటంటే, ఫోన్లో హాజరు వేసే యాప్ వల్ల మీ పని తేలికైందా? 160 మంది నింపారు, వాళ్ళలో 70 శాతం ఔనన్నారు. మామూలుగా మనం ఇక్కడే ఆగిపోయి 70 అని రాసేస్తాం. కానీ ఫోన్లో లింకు తెరిచి ఫారం నింపినవాళ్ళెవరు? ఫోన్‌తో ఇబ్బంది లేనివాళ్ళే కదా. మిగిలిన 240 మందిలోంచి 40 పేర్లు చీటీ తీసి ఫోన్ చేశారనుకుందాం. వాళ్ళలో 45 శాతమే ఔనన్నారు. ఇప్పుడు 160లో 70 శాతం అంటే 112. 240లో 45 శాతం అంటే 108. కలిపితే 220. నాలుగు వందల్లో 220 అంటే 55 శాతం. డెబ్బై ఎక్కడ, యాభై అయిదు ఎక్కడ! ఆ పదిహేను పాయింట్ల తేడాను నలభై ఫోన్ కాల్స్ పట్టిచ్చాయి.

ఆ నలభై మందిలోనూ కొందరు తెలియని నంబరని ఎత్తరు. బడి వేళల్లో చేయకండి, సాయంత్రం ఇంటికి చేరాక చేయండి. పేరు, యూనివర్సిటీ చెప్పి, మూడే ప్రశ్నలని ముందే చెప్పండి. ఎత్తకపోతే ఇంకో రోజు, ఇంకో వేళలో ప్రయత్నించండి. అప్పటికీ దొరకనివాళ్ళ సంఖ్య ఎంతో, దాన్నీ మూడో అధ్యాయంలో రాసిపెట్టండి. వైవాలో అడుగుతాను.